నాకౌట్ మ్యాచ్‌కు ముందు రిఫరీపై కోచ్‌ల మాటలు.. ఎందుకు మాట్లాడతారు? ఎవరు మూల్యం చెల్లిస్తారు? మధ్యలో ఈ 'అదృష్టం' సంగతేంటి?

ఫుట్‌బాల్‌లో పెద్ద నాకౌట్ మ్యాచ్ ఉందంటే, అసలు ఆట ముందురోజు ప్రెస్‌మీట్‌లోనే మొదలైపోతుంది. ఎవరికి గాయం, ఎవరు ఆడతారు లాంటి ప్రశ్నలు అయ్యాక మెల్లగా ఆ ప్రశ్న వస్తుంది. రేపటి రిఫరీ గురించి మీరేమంటారు? కొందరు కోచ్‌లు నవ్వేసి తప్పించుకుంటారు. కొందరు 'కాస్త అదృష్టం కూడా కలిసిరావాలి' అంటారు. మరికొందరు మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మాట్లాడతారు. ఆ నాలుగు మాటలే మర్నాడు హెడ్‌లైన్లు అవుతాయి. కొన్నిసార్లు జరిమానాలు, నిషేధాల దాకా వెళ్తాయి. ఒకసారైతే ప్రపంచంలోని టాప్ రిఫరీల్లో ఒకరు విజిల్ పక్కన పెట్టి ఇంటికే పరిమితం కావాల్సి వచ్చింది.

ఇంతకీ ఈ మాటల వెనక లెక్కేంటి? రూల్స్ ఏం చెబుతున్నాయి? నిజంగా రిఫరీ మీద ప్రభావం పడుతుందా?

లీగ్‌లో తప్పు వేరు.. నాకౌట్‌లో తప్పు వేరు

ముందు ఒక చిన్న లెక్క. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 38 మ్యాచ్‌లు ఆడుతుంది. ఈ వారం రిఫరీ ఒక పెనాల్టీ ఇవ్వకపోతే, ఇంకో వారం ఇవ్వకూడని పెనాల్టీ మీకే రావచ్చు. అందుకే ఇంగ్లాండ్‌లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. సీజన్ చివరికి అదృష్టం, దురదృష్టం సరిసమానం అయిపోతాయని. అది పూర్తిగా నిజం కాకపోవచ్చు, కానీ సర్దుకోవడానికి సమయమైతే ఉంటుంది.

నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు. ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ రౌండ్లలో ఫైనల్ తప్ప మిగతావన్నీ రెండేసి మ్యాచ్‌లు. సొంత గడ్డపై ఒకటి, ప్రత్యర్థి దగ్గర ఒకటి. మొత్తం కలిపితే 180 నిమిషాలు. ఫైనల్ అయితే 90 నిమిషాలే. ఫుట్‌బాల్‌లో గోల్స్ పడేదే తక్కువ. అలాంటి ఆటలో ఒక ఆఫ్‌సైడ్, ఒక రెడ్ కార్డ్ చాలు.. ఏడాది కష్టం మొత్తం ఆవిరి. కోచ్ ఉద్యోగం కూడా చాలాసార్లు దాంతోనే ముడిపడి ఉంటుంది.

అందుకే మ్యాచ్‌కు ముందే రిఫరీ మీద ఒక మాట వేసి ఉంచుతారు. మన భాషలో చెప్పాలంటే ముందరికాళ్లకు బంధం వేయడం. గెలిస్తే ఆ మాట ఎవరికీ గుర్తుండదు. ఓడితే 'నేను ముందే చెప్పాగా' అనొచ్చు. పైగా మీడియా అంతా ఆ మాట చుట్టూ తిరుగుతుంటే, ఆటగాళ్ల మీద ఒత్తిడి కాస్త తగ్గుతుంది. ఇదొక వ్యూహం. అయితే ఈ వ్యూహంలో దెబ్బ తగిలేది ప్రెస్‌మీట్ పెట్టి జవాబు చెప్పుకునే అవకాశం లేని వ్యక్తికి. అంటే రిఫరీకి.

2005: ఆండర్స్ ఫ్రిస్క్ విజిల్ ఆగిపోయిన కథ

ఈ విషయంలో ఎప్పుడు చర్చ వచ్చినా ముందు వినిపించే పేరు స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్‌ది.

2005 ఫిబ్రవరి 23. ఛాంపియన్స్ లీగ్ ప్రీక్వార్టర్స్ మొదటి మ్యాచ్. బార్సిలోనా సొంత మైదానంలో చెల్సీ ఆడుతోంది. చెల్సీ కోచ్ జోస్ మొరీన్యో. హాఫ్ టైమ్‌కి చెల్సీ 1-0 ఆధిక్యంలో ఉంది. సెకండాఫ్‌లో చెల్సీ స్ట్రైకర్ డిడియర్ ద్రోగ్బాకు రెండో ఎల్లో కార్డ్ చూపించి బయటకు పంపారు ఫ్రిస్క్. ఆ తర్వాత బార్సిలోనా రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచింది.

గొడవ అక్కడ మొదలైంది. హాఫ్ టైమ్‌లో బార్సిలోనా కోచ్ ఫ్రాంక్ రైకార్డ్ రిఫరీ గదిలోకి వెళ్లారని చెల్సీ వైపు నుంచి ఆరోపణ వచ్చింది. మొరీన్యో ఆ మాటను పబ్లిక్‌గా అన్నారు. రెండో మ్యాచ్ ఇంకా మిగిలే ఉంది కాబట్టి, ఈ ఆరోపణ సరిగ్గా ఆ మధ్య రోజుల్లో యూరప్ అంతా పాకింది. మార్చి 8న చెల్సీ 4-2తో గెలిచి, రెండు మ్యాచ్‌లు కలిపి 5-4తో ముందుకు వెళ్లింది. అంటే మొరీన్యో జట్టుకు చివరికి నష్టమేమీ జరగలేదు.

నష్టం జరిగింది ఫ్రిస్క్‌కు. చంపేస్తామంటూ బెదిరింపులు వచ్చాయి. కుటుంబాన్నీ వదల్లేదు. మార్చిలోనే ఆయన రిటైర్మెంట్ ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 42. మళ్లీ మైదానంలో అడుగుపెట్టాలంటే భయంగా ఉందని, పిల్లల భద్రత ముఖ్యమని చెప్పారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇంకోటుంది. ఫ్రిస్క్ పిరికివాడేం కాదు. అంతకు కొద్ది నెలల ముందే, 2004 సెప్టెంబర్‌లో రోమ్‌లో ఏఎస్ రోమా, డైనమో కీవ్ మ్యాచ్‌లో స్టాండ్స్ నుంచి విసిరిన వస్తువు తగిలి ఆయన తల నుంచి రక్తం కారింది. ఆ మ్యాచ్ మధ్యలోనే రద్దయింది. ఆ దెబ్బ తిన్నాక కూడా మళ్లీ విజిల్ పట్టుకున్న మనిషి, ఇంటికి వచ్చిన బెదిరింపులతో మాత్రం వదిలేశారు.

యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ అప్పటి రిఫరీల కమిటీ ఛైర్మన్ ఫోల్కర్ రోత్, మొరీన్యోను 'ఫుట్‌బాల్‌కు శత్రువు' అనేశారు. విచారణలో ఆ ఆరోపణలకు ఆధారం లేదని తేల్చారు. మొరీన్యోకు రెండు మ్యాచ్‌ల నిషేధం, 20 వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా. చెల్సీ క్లబ్‌కు 75 వేల స్విస్ ఫ్రాంకులు. ఆ నిషేధం వల్ల బయర్న్ మ్యూనిక్‌తో క్వార్టర్ ఫైనల్‌కు మొరీన్యో డ్రెస్సింగ్ రూమ్‌లోకి కూడా రాకూడదు. కానీ వచ్చారట. ఎవరూ చూడకముందే లోపలికి వెళ్లి, బయటకు మాత్రం మురికి బట్టలు పెట్టే బుట్టలో దాక్కుని వచ్చానని చాలా ఏళ్ల తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పారు. అభిమానులకు ఇది సరదా కథ. ఫ్రిస్క్ ఇంట్లో దీన్ని ఎలా విన్నారో మరి.

2011: మ్యాచ్‌కు ముందురోజు పేలిన బాంబు

మ్యాచ్‌కు ముందు మాటల యుద్ధం అంటే 2011 ఏప్రిల్‌దే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా 18 రోజుల్లో నాలుగుసార్లు తలపడ్డాయి. ఒక లీగ్ మ్యాచ్, స్పెయిన్ కప్ ఫైనల్, ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండు మ్యాచ్‌లు. అప్పటికి మొరీన్యో రియల్ కోచ్. అటువైపు పెప్ గార్డియోలా.

ఏప్రిల్ 20న వలెన్సియాలో జరిగిన కప్ ఫైనల్లో రియల్ 1-0తో గెలిచింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో రొనాల్డో హెడర్ గోల్. అంతకుముందు బార్సిలోనా ఆటగాడు పెడ్రో కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ అంటూ రద్దు చేశారు. అది సరైన నిర్ణయమే. అయితే మ్యాచ్ తర్వాత గార్డియోలా, కొద్ది సెంటీమీటర్ల ఆఫ్‌సైడ్‌ను పట్టుకున్న లైన్స్‌మన్ చూపు గురించి ఓ మాట అన్నారు. ఆ తర్వాత ఇంకోటి. సెమీస్‌కు పోర్చుగల్ రిఫరీ పెడ్రో ప్రొయెన్సా రావొచ్చని వార్తలు వస్తే, అలాగైతే పోర్చుగల్ వాడైన మొరీన్యో సంతోషిస్తారని గార్డియోలా వ్యాఖ్యానించారు. చివరికి వచ్చింది జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ స్టార్క్.

ఏప్రిల్ 26.. సెమీస్‌కు ముందురోజు. మొరీన్యో మైకు ముందు కూర్చున్నారు. ఆయన చెప్పిన సారాంశం ఇదీ. కోచ్‌లలో ఇప్పటిదాకా రెండు గ్రూపులు ఉన్నాయి. రిఫరీల గురించి అస్సలు మాట్లాడని వాళ్లది చిన్న గ్రూపు. పెద్ద తప్పు జరిగితే విమర్శించే వాళ్లది పెద్ద గ్రూపు, అందులో తానూ ఉన్నానన్నారు. ఇప్పుడు మూడో గ్రూపు పుట్టింది, అందులో ఉన్నది ఒక్కరే, పెప్. రిఫరీ సరైన నిర్ణయం తీసుకున్నా విమర్శించే గ్రూపు అది. మాటకు మాట అంటే ఇదే. ఇందులో కొసమెరుపు ఏంటంటే, ఆ ఒక్క పాయింట్ వరకు మొరీన్యో చెప్పింది తప్పు కాదు.

కొన్ని గంటల తర్వాత గార్డియోలా వంతు. మామూలుగా ఆచితూచి మాట్లాడే మనిషి ఆ రోజు బరస్ట్ అయిపోయారు. ఈ ప్రెస్‌మీట్ గదిలో ఆయనే బాస్, ఇక్కడ ఆయనతో పోటీపడే ఉద్దేశం నాకు లేదు, మైదానం బయట ఇచ్చే ఛాంపియన్స్ లీగ్ ఏదైనా ఉంటే ఆయన్నే ఇంటికి తీసుకెళ్లమనండి, రేపు రాత్రి 8.45కి మైదానంలో కలుద్దాం అన్నారు. మధ్యలో ఒక బూతు మాట కూడా దొర్లింది.

మర్నాడు ఏం జరిగింది? 61వ నిమిషంలో డానీ అల్వెస్ మీద కాలు ఎత్తినందుకు రియల్ ఆటగాడు పెపేకు రెడ్ కార్డ్. గొడవ చేసినందుకు మొరీన్యోనూ స్టాండ్స్‌లోకి పంపేశారు. ఆ తర్వాత మెస్సీ రెండు గోల్స్. 2-0తో బార్సిలోనా గెలుపు.

మ్యాచ్ తర్వాత మొరీన్యో 'ఎందుకు?' అంటూ పదేపదే అడిగారు. ఓవ్రెబో, బుసాక్కా, డి బ్లీకెరె, ఫ్రిస్క్, స్టార్క్ అంటూ ఐదుగురు రిఫరీల పేర్లు చదివారు. బార్సిలోనా జెర్సీ మీద యూనిసెఫ్ పేరు ఉన్నందుకా ఇదంతా అని కూడా అన్నారు. ఆ జాబితాను కాస్త జాగ్రత్తగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఫ్రిస్క్ విజిల్ వేసిన 2005 పోరులో చివరికి ముందుకు వెళ్లింది మొరీన్యో జట్టే. డి బ్లీకెరె ఇంటర్ మిలాన్ ఆటగాడు థియాగో మొట్టాను బయటకు పంపిన 2010 సెమీస్‌లోనూ ఫైనల్ చేరింది మొరీన్యో కోచ్‌గా ఉన్న ఇంటరే. ఐదుగురిలో ఇద్దరు ఆయన్ను ఆపలేకపోయారన్నమాట. ఓవ్రెబో మాత్రం వేరే కథ. 2009 సెమీస్‌లో చెల్సీ అడిగిన పెనాల్టీలను ఒకదాని తర్వాత ఒకటి తిరస్కరించిన రిఫరీ ఆయన. తాను తప్పులు చేశానని ఏళ్ల తర్వాత ఒప్పుకున్నారు కూడా. అయితే ఆ మ్యాచ్‌కి చెల్సీ కోచ్ గూస్ హిడింక్, మొరీన్యో కాదు.

యూఈఎఫ్ఏ మొరీన్యోకు ఐదు మ్యాచ్‌ల నిషేధం, 50 వేల యూరోల జరిమానా వేసింది. అప్పీల్‌లో కొంత ఊరట దక్కింది. రెండో మ్యాచ్ 1-1 డ్రా. బార్సిలోనా ఫైనల్ చేరి కప్ కూడా గెలిచింది.

పొగిడినా తప్పే!

తిడితే శిక్ష సరే. మెచ్చుకుంటే? ఇంగ్లాండ్‌లో అదీ కుదరదు. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ నిబంధన ప్రకారం, మ్యాచ్‌కు నియమితులైన రిఫరీ గురించి కోచ్‌లు ముందుగా మీడియాతో మాట్లాడకూడదు. మంచిగానైనా, చెడుగానైనా.

దీనికి చిక్కింది సాక్షాత్తూ మాంచెస్టర్ యునైటెడ్ దిగ్గజ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్. 2011 మే నెలలో చెల్సీతో టైటిల్‌ను తేల్చే మ్యాచ్. ఇది నాకౌట్ కాకపోయినా దాదాపు ఫైనల్ లాంటిదే. రిఫరీ హోవార్డ్ వెబ్. మాకు దొరికింది బెస్ట్ రిఫరీ, అందులో అనుమానం లేదు అన్నారు ఫెర్గూసన్. అక్కడితో ఆగితే ఏమో గానీ, ఈ మధ్య పెద్ద నిర్ణయాలు తమకు వ్యతిరేకంగా వెళ్లాయన్న దిగులునూ జోడించారు. ఎఫ్ఏ అభియోగం మోపింది. చివరికి హెచ్చరికతో వదిలేసింది.

బెస్ట్ అనడంలో నేరమేముంది అనిపించొచ్చు. కానీ ఆలోచిస్తే రూల్ అర్థమవుతుంది. 'మీరు చాలా నిజాయితీపరులు, ఈసారైనా మాకు న్యాయం చేస్తారని తెలుసు' అని ఎవరైనా అందరి ముందూ అంటే, అది పొగడ్తా? ఒత్తిడా? కర్ర విరగకూడదు, పాము చావాలి అన్న టైపు మాట అది.

అదే ఏడాది మార్చిలో చెల్సీ చేతిలో ఓడాక రిఫరీ మార్టిన్ అట్కిన్సన్ మీద చేసిన వ్యాఖ్యలకు ఫెర్గూసన్‌కు ఐదు మ్యాచ్‌ల నిషేధం, 30 వేల పౌండ్ల జరిమానా పడ్డాయి. అంతకుముందు 2009లో అలన్ వైలీ అనే రిఫరీకి ఫిట్‌నెస్ లేదన్నందుకు పడి, సస్పెన్షన్‌లో పెట్టిన రెండు మ్యాచ్‌లు కూడా అందులో కలిశాయి. ఫలితం? మాంచెస్టర్ సిటీతో ఎఫ్ఏ కప్ సెమీ ఫైనల్లో ఆయన టచ్‌లైన్ దగ్గర లేరు. యునైటెడ్ ఓడిపోయింది. ఒక లీగ్ మ్యాచ్ తర్వాత నోరు జారితే, నాకౌట్ రోజున బిల్లు వచ్చింది.

ఈ మధ్య కాలంలో లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్‌కు 2023లో రిఫరీ పాల్ టియర్నీ మీద చేసిన వ్యాఖ్యలకు 75 వేల పౌండ్ల జరిమానా వేశారు. అలాగని ప్రతిసారీ శిక్ష పడుతుందనీ కాదు. అదే ఏడాది న్యూకాజిల్ చేతిలో ఓడాక ఆర్సెనల్ కోచ్ మికెల్ ఆర్టెటా చేసిన ఘాటు వ్యాఖ్యలపై అభియోగం వచ్చినా, స్వతంత్ర కమిషన్ ఆయన్ను నిర్దోషిగా తేల్చింది.

ఇంతకీ ఇది పనిచేస్తుందా?

కోచ్ మాటలు విని రిఫరీ మనసు మార్చుకుంటాడా అన్నదానికి సూటిగా జవాబు చెప్పడం కష్టం. కానీ రిఫరీ కూడా మనిషే అని చూపించే ప్రయోగం ఒకటుంది. బ్రిటన్ పరిశోధకులు 40 మంది క్వాలిఫైడ్ రిఫరీలకు ఒక మ్యాచ్ వీడియో చూపించారు. కొందరికి స్టేడియం హోరుతో, కొందరికి శబ్దం లేకుండా. హోరు విన్నవాళ్లు సొంత మైదానం జట్టుపై దాదాపు 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. 2002లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. అంటే చుట్టూ ఉన్న వాతావరణం రిఫరీ నిర్ణయంలోకి తెలియకుండానే చొరబడుతుంది.

అయితే ప్రెస్‌మీట్‌లో మాట, చెవిలో పడే 60 వేల మంది అరుపు ఒకటి కావు. కోచ్‌ల అనుభవం చూస్తే మాటలు బెడిసికొట్టిన సందర్భాలే ఎక్కువగా గుర్తుంటాయి. స్పెయిన్ రిఫరీ ఆంటోనియో మాతెయు లాహోజ్ విషయమే తీసుకోండి. 2018 క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్‌లో లివర్‌పూల్‌పై మాంచెస్టర్ సిటీ ఆటగాడు లెరాయ్ సానే కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్‌గా రద్దు చేశారు. బంతి వచ్చింది లివర్‌పూల్ ఆటగాడు మిల్నర్‌కు తగిలి. అంటే అది గోలే. హాఫ్ టైమ్‌లో వాదనకు దిగిన గార్డియోలాను లాహోజ్ స్టాండ్స్‌లోకి పంపారు. ఆయన ప్రత్యేకమైన మనిషి, అందరికంటే భిన్నంగా కనిపించడం ఇష్టం అంటూ గార్డియోలా తర్వాత చురక వేశారు. మూడేళ్ల తర్వాత, 2021 మే 29న సిటీ తన తొలి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది. విజిల్ ఎవరి చేతిలో ఉంది? లాహోజ్ చేతిలో! చెల్సీ 1-0తో గెలిచింది. ఆ ఓటమికి రిఫరీతో సంబంధమేమీ లేదు గానీ, ఈరోజు మాట అన్న మనిషే రేపు పెద్ద మ్యాచ్‌లో ఎదురుపడతాడన్న సంగతి మాత్రం కోచ్‌లకు అర్థమయ్యే ఉండాలి.

జరిమానా పడని మాట.. అదృష్టం

ఇక్కడే 'అదృష్టం' అనే పదం ఎంట్రీ ఇస్తుంది. రిఫరీ అన్యాయం చేశాడంటే కేసు. దురదృష్టం అంటే కేసు లేదు. అందుకే నాకౌట్ మ్యాచ్‌కు ముందు చాలామంది కోచ్‌లు 'కొంచెం లక్ కావాలి' అంటూ ముగిస్తారు. విన్నవాళ్లకు ఎవరి గురించో అర్థమవుతుంది, రూల్‌బుక్‌కు మాత్రం దొరకదు.

అయితే నాకౌట్ ఫుట్‌బాల్‌లో అదృష్టం వట్టి సాకు కూడా కాదు. ఒకప్పుడు అక్షరాలా బొమ్మా బొరుసే. 1968 యూరో కప్ సెమీస్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ నేపుల్స్‌లో ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత కూడా 0-0. నాణెం ఎగరేశారు. ఇటలీ కెప్టెన్ ఫక్కెట్టి టాస్ గెలిచారు. ఇటలీ ఫైనల్‌కు, ఆ తర్వాత కప్‌కు కూడా. ఆ సెమీస్‌లో సోవియట్ జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండానే ఫైనల్ అవకాశం కోల్పోయింది. పెనాల్టీ షూటౌట్‌ను రూల్స్‌లోకి తెచ్చింది 1970లో.

2005 సెమీస్‌లో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ గార్సియా కొట్టిన బంతి గీత దాటిందా లేదా అన్నది నేటికీ తేలలేదు. ఆ ఒక్క గోల్‌తోనే చెల్సీ ఇంటికి వెళ్లింది. చంద్రుడి నుంచి వచ్చిన గోల్ అని మొరీన్యో వెక్కిరించారు. ఇంతకీ లివర్‌పూల్ నక్క తోక తొక్కిందా? రిఫరీ లుబోష్ మిషెల్ తర్వాత చెప్పిన మాట వేరేలా ఉంది. గోల్ ఇవ్వకపోయుంటే, అంతకు క్షణం ముందు చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ చేసిన ఫౌల్‌కు పెనాల్టీ ఇచ్చి, రెడ్ కార్డ్ చూపించేవాడినని. అంటే ఆ రోజు చెల్సీకే కొంత కలిసొచ్చిందేమో. దురదృష్టం అనుకున్నది ఒక్కోసారి ఇలా ఉంటుంది.

గోల్ లైన్ టెక్నాలజీకి 2012లో, వీడియో రిఫరీ వీఏఆర్‌కు 2018లో రూల్స్‌లో చోటు దక్కింది. దాంతో అదృష్టం మాట పోతుందనుకున్నారు. పోలేదు. 2019 క్వార్టర్ ఫైనల్లో టోటెన్‌హామ్‌పై ఇంజురీ టైమ్‌లో రహీమ్ స్టెర్లింగ్ గోల్ కొట్టగానే గార్డియోలా పరుగులు తీశారు. వీఏఆర్ చూసి ఆఫ్‌సైడ్ అన్నారు. సిటీ అవుట్. నిర్ణయం సరైనదే.

2025 మార్చి 12న జరిగింది ఇంకా విచిత్రం. రియల్ మాడ్రిడ్‌తో షూటౌట్‌లో అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు హూలియన్ అల్వారెజ్ పెనాల్టీ కొడుతూ జారాడు. బంతి నెట్‌లోకి వెళ్లింది. కానీ ఎడమ కాలు బంతికి అతి స్వల్పంగా ముందే తగిలిందని వీఏఆర్ తేల్చింది. రెండుసార్లు తాకితే గోల్ చెల్లదు. అట్లెటికో 4-2తో ఓడింది. కోచ్ డియెగో సిమియోనె ప్రెస్‌మీట్‌లో జర్నలిస్టులనే అడిగారు. రెండుసార్లు తాకినట్టు చూసినవాళ్లు చెయ్యెత్తండి అని. రిఫరీని పల్లెత్తు మాట అనకుండానే విషయాన్ని ప్రపంచం ముందు పెట్టడమంటే ఇదే. నిర్ణయం రూల్ ప్రకారమే జరిగిందని యూఈఎఫ్ఏ చెబుతూనే, రూల్‌ను మళ్లీ చూడాలని కూడా అంది. జూన్‌లో రూల్స్ రాసే సంస్థ ఐఎఫ్ఏబీ స్పష్టత ఇచ్చింది. పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ పడితే పెనాల్టీ మళ్లీ కొట్టించాలి. అట్లెటికోకు మాత్రం ఆ మార్పు మూడు నెలలు ఆలస్యం.

మన దగ్గర: కంఠీరవలో ఆ రాత్రి

ఇదంతా యూరప్ గొడవే అనుకోనక్కర్లేదు. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్. బెంగళూరు ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. ఎక్స్‌ట్రా టైమ్‌లో సునీల్ ఛెత్రి ఫ్రీ కిక్‌ను చకచకా కొట్టేశాడు. బ్లాస్టర్స్ ఆటగాళ్లు ఇంకా గోడ కట్టుకుంటూనే ఉన్నారు. రిఫరీ గోల్ ఇచ్చారు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ ఏకంగా జట్టును మైదానం నుంచి తీసుకెళ్లిపోయారు.

రూల్ ఏంటంటే, ఫ్రీ కిక్ త్వరగా కొట్టడానికి ప్రతిసారీ విజిల్ అక్కర్లేదు. రిఫరీ ఆగమని సైగ చేశాడా లేదా అన్నదే ప్రశ్న. బ్లాస్టర్స్ వాదన నిలవలేదు. భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్‌కు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా వేసింది.

ఇదే బ్లాస్టర్స్, ఇదే కోచ్, అంతకు ఏడాది ముందు 2022 మార్చి 20న గోవాలో ఫైనల్ ఓడింది హైదరాబాద్ ఎఫ్‌సీ చేతిలో. 1-1 తర్వాత షూటౌట్ 3-1. హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మరుసటి ఏడాది సెమీస్‌లో హైదరాబాద్ వంతు. రెండు మ్యాచ్‌లూ 0-0, షూటౌట్‌లో 4-3తో మోహన్ బగాన్ గెలుపు. కోచ్ మనోలో మార్క్వెజ్‌కు షూటౌట్ ఒక ఏడాది కప్పు ఇచ్చింది, మరుసటి ఏడాది లాక్కుంది.

2025: సెవిల్‌లో రిఫరీ కన్నీళ్లు

ఇప్పుడు వ్యాఖ్యలు చేసేది కోచ్‌లు మాత్రమే కాదు, క్లబ్‌ల సొంత టీవీ ఛానెళ్లు కూడా. రియల్ మాడ్రిడ్ ఛానెల్ మ్యాచ్‌లకు ముందు ఆయా రిఫరీల పాత తప్పులతో వీడియోలు వేస్తుంటుంది. 2025 ఫిబ్రవరిలో క్లబ్ స్పెయిన్ సమాఖ్యకు ఘాటుగా లేఖ కూడా రాసింది.

ఏప్రిల్ 25. బార్సిలోనాతో స్పెయిన్ కప్ ఫైనల్‌కు ముందురోజు. రిఫరీ రికార్డో డి బుర్గోస్ బెంగోయెచియా మీడియా ముందుకు వచ్చారు. ఆ వీడియోల గురించి అడిగితే కళ్లలో నీళ్లు తిరిగాయి. బడిలో తన కొడుకును 'దొంగ కొడుకు' అంటున్నారని చెప్పి మాట రాక ఆగిపోయారు. పక్కనే ఉన్న వీఏఆర్ రిఫరీ పాబ్లో గొంజాలెజ్ ఫుయెర్తెస్, దీనిపై రిఫరీలు చర్యలు తీసుకుంటారని అన్నారు.

రియల్ భగ్గుమంది. రిఫరీలదే తమపై శత్రుత్వం అంటూ ప్రకటన ఇచ్చి, ఫైనల్ ముందు ప్రెస్‌మీట్, ప్రాక్టీస్ రద్దు చేసుకుంది. అసలు ఆడతారా లేదా అన్న వార్తలు కూడా వచ్చాయి. చివరికి ఆడతామని చెప్పింది. రిఫరీలనూ మార్చలేదు.

మర్నాడు మ్యాచ్ 2-2 దగ్గర ఉండగా, ఇంజురీ టైమ్‌లో బార్సిలోనా ఆటగాడు రఫీన్యా పడిపోయాడు. డి బుర్గోస్ పెనాల్టీ ఇచ్చారు. అది పడితే కప్పు దాదాపు బార్సిలోనాదే. వీఏఆర్ నుంచి పిలుపు వచ్చింది. ఆ గదిలో ఉన్నది రియల్ మండిపడిన అదే గొంజాలెజ్ ఫుయెర్తెస్. డి బుర్గోస్ స్క్రీన్ చూసి పెనాల్టీ రద్దు చేశారు, కావాలని పడిపోయాడంటూ రఫీన్యాకే ఎల్లో కార్డ్ చూపించారు. శత్రువులన్నవాళ్లిద్దరూ కలిసి తీసుకున్న ఆ నిర్ణయం వల్లే రియల్ ఎక్స్‌ట్రా టైమ్ దాకా బతికింది. అక్కడ 116వ నిమిషంలో జూల్స్ కూందే గోల్‌తో బార్సిలోనా 3-2తో గెలిచింది. చివరి నిమిషాల్లో బెంచ్ దగ్గర నుంచి రిఫరీ వైపు వస్తువు విసిరిన రియల్ డిఫెండర్ ఆంటోనియో రుడిగర్‌కు ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది.